ఇరవై ఆరో మంచం

బడులు తెరిచే ముందు రోజుల్లో ఆ కుట్టు దుకాణంలో మనుషులకంటే తెల్ల చొక్కాలే ఎక్కువ కనబడతాయి. మిషన్ల మీద నలుగురు కుడుతుంటారు. గోడవారగా పొట్టి స్టూలు మీద కూచుని చేత్తో గుండీల కాజాలు వేసేది మాత్రం ఆమె ఒక్కతే. కాజాల మిషను లేకపోలేదు. అది వేసిన కాజా నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుందని దుకాణం నడిపే మాస్టారి నమ్మకం. అందుకని, నిక్షేపంలాంటి పేరుండగా, దుకాణమంతా ఆమెను కాజాలమ్మ అనే పిలుస్తుంది. చిన్నప్పుడు అంకెతో పిలిపించుకున్న మనిషికి ఆ పేరు అన్యాయంగా ఏమీ తోచలేదు.

"కాజాలమ్మా, నీకెవరో ఆఫీసు నించి ఫోను," అన్నాడు మాస్టారు, మెడలో టేపుతో సహా వంగి.

ఆమె సూది చొక్కాకే గుచ్చి లేచి వెళ్ళింది. అవతలి గొంతు, ఫైలు దొరికిందనీ, రేపు పొద్దున వచ్చి చూసుకోవచ్చనీ చెప్పి పెట్టేసింది.

"ఏ ఆఫీసు?" మాస్టారు అడిగాడు.

"రికార్డుల ఆఫీసు మాస్టారూ. చిన్నప్పుడు నేనున్న సర్కారు హోం కాగితాలు."

"ఇప్పుడెందుకవి? ఏదైనా పింఛనొస్తుందా?"

"రాదు."

"మరి?"

"ఊరికే," అంది ఆమె, స్టూలు మీదికొచ్చి దారం పళ్ళతో తెంపుతూ.

ఊరికే సెలవు పెట్టేవాళ్ళ కోసం బడులు ఆలస్యంగా తెరవరని మాస్టారు గొణిగాడు. దరఖాస్తులో కూడా 'ఎందుకు కావలెను' అన్నచోట ఆమె ఇలాగే తప్పించుకుంది. 'చూసుకోవడానికి' అని రాసింది. ప్రభుత్వం మాస్టారికంటే మంచిది. ఆ జవాబుతో ఊరుకుంది.

అసలు సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. హోంలో ఉండగా ఒక వానరోజు ఆయా వచ్చి, "ఇరవయ్యారూ, లే. మీ అమ్మొచ్చింది నీకోసం," అంది. అక్కడ పిల్లల్ని వాళ్ళు పడుకునే మంచం అంకెతోనే పిలిచేవారు. ఆమెది ఇరవై ఆరో మంచం. తల దువ్వారు. బీరువాలో దాచిన పూల గౌను తొడిగారు. ముందుగదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో గొడుగు నుంచి నీళ్ళు గచ్చు మీదికి కారుతున్నాయి. కుర్చీ చూపించినా కూచోలేదు. పిల్లను చూడగానే రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. ఎడమ చెవి మీది జుట్టు పక్కకు తీసి, చెవి వెనక చూసింది. వదిలేసింది.

"ఈ పిల్ల కాదు."

"చూసి ఏళ్ళయింది కదమ్మా, పిల్లలు మారిపోతారు," అంది వార్డెనమ్మ.

"కాదు. మా పిల్ల కాదు," అని, ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

పూల గౌను మళ్ళీ బీరువాలోకి పోయింది. ఇరవయ్యారును కన్నతల్లే వద్దని పోయిందట అన్న మాట దీపాలార్పేలోగా మంచం మంచానికీ పాకింది. ఆమెకు మాత్రం ఒకటే అర్థమైంది. తన చెవి వెనక ఏదో ఉంది. అమ్మ కూడా చూసి వద్దనుకునేటంతటిది. అద్దంలో చూద్దామంటే అందని చోటు. ఇంకొకరిని చూడమనడానికి నోరు రాదు. ఎడమ చెవి కనబడకుండా జుట్టు దువ్వుకోవడం అప్పుడు అలవాటైంది, ఇప్పటికీ పోలేదు. కూతురు పుట్టి, నర్సు తన చేతికిచ్చినప్పుడు, ఎవరైనా వేళ్ళు సరిగా ఉన్నాయా అని చూసుకుంటారు. ఆమె బిడ్డ ఎడమ చెవి మడిచి చూసింది. ఏమీ లేదు. అప్పుడు బావురుమంది. నొప్పులు తగ్గలేదేమోనని నర్సు మాత్ర తెచ్చి మింగించింది.

ఎవరి కాగితాలు వాళ్ళు అడిగి చూసుకోవచ్చని రేడియోలో విన్ననాడే ఆమె దరఖాస్తు పెట్టింది. ఆ ముందుగదిలో ఆవిడ ఎందుకలా అందో ఎక్కడో ఒకచోట రాసి ఉండకపోతుందా అని.

రికార్డుల ఆఫీసులో చదువుకునే గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గట్టిగా చప్పుడు చేసే పంకా. గుమాస్తా రిటైరయ్యే వయసువాడు. ఎండాకాలంలో కూడా చేతుల్లేని స్వెట్టరు. కుడిచేతి వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. ఆమె చూపు వేళ్ళ మీద పడటం చూసి నవ్వాడు.

"మార్కరమ్మా. ఫైల్లో వేరేవాళ్ళ సంగతులుంటే కొట్టెయ్యాలి. ముందువైపు కొడితే చాలదు, వెలుతురికి పెడితే వెనకనించి కనబడుతుంది. రెండువైపులా కొట్టాలి. మీ ఫైలుకే నాలుగు రోజులు పట్టింది."

"మా అమ్మ పేరు కూడా కొట్టేశారా సార్?"

"ఆవిడా వేరే మనిషే కదమ్మా," అన్నాడు, అందులో వింతేమీ లేనట్టు. "మీకు కావలసిన పేజీలు చెప్తే జెరాక్సులిస్తాను. పెన్ను మాత్రం బల్ల మీద పెట్టకండి, రూలు."

ఫైలు ఆమె అనుకున్నంత లావుగానే ఉంది. అంత లావు బాల్యంలో ఎక్కువభాగం సబ్బులూ, దుప్పట్లూ, టీకాలూ. పేజీకి రెండుమూడు చోట్ల నల్ల పట్టీలు. ఆమె దేన్నీ చదవలేదు. చొక్కాల దొంతరలో చినిగినదాన్ని వెతికే మనిషిలాగా చకచకా తిప్పుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

'తల్లినని చెప్పుకొనుచు వచ్చిన స్త్రీకి 26ను చూపించడమైనది. సదరు స్త్రీ నిరాకరించి వెళ్ళిపోయినది. ఇక రాకపోకలు లేవు.'

అంతే. కింద వార్డెనమ్మ సంతకం. వాన లేదు, గొడుగు లేదు. ఎందుకన్నది లేదు. ఆమె ఆ మూడు వాక్యాలనూ మళ్ళీ చదివింది. గుండె దడదడలాడుతుందనుకుంది. చీమ కుట్టినట్టయినా లేదు. పంకా చప్పుడు వినబడుతోంది. మోచేతి కింద బల్ల చల్లగా ఉంది. నిరాకరించి అన్న మాట మాత్రం అందంగా, గుండ్రటి దస్తూరీతో ఉంది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది సార్."

"జెరాక్సు ఏ పేజీలు?"

"అన్నీ ఇచ్చెయ్యండి," అంది, ఎంచుకునే ఓపిక లేక.

మధ్యాహ్నానికల్లా దుకాణంలో ఉంది. కవరు స్టూలు కింద పెట్టి, దాని మీద కాళ్ళు పెట్టుకుని కాజాలు వేసింది. చీలిక చుట్టూ దారం తిప్పి, ముడి బిగించి, పక్కనే మళ్ళీ ముడి. రోజూ వేసేదానికంటే ఎక్కువే వేసిందని మాస్టారు మెచ్చుకున్నాడు. ఆమెకు మెచ్చుకోలూ అంటలేదు. మనసు కూడా తిమ్మిరెక్కుతుందని, చెయ్యో కాలో అయితే విదిలించుకోవచ్చు గాని దాన్ని విదిలించే దారి లేదని అప్పుడే తెలిసింది.

ఆమె మొగుడు సిటీ బస్సులో కండక్టరు. రోజంతా అరిచిన గొంతు ఇంటికొచ్చినా తగ్గదు. పాల పాకెట్టు మీది అక్షరాలు కూడా బస్సంతటికీ వినబడేలా చదువుతాడు. మర్నాడు సాయంత్రం భోజనాలయ్యాక, బల్ల మీదున్న కవరు అతని కంటపడింది. రెండురోజులుగా అది వంటింట్లో, బట్టల బుట్టలో, మిషను మీద తిరుగుతోంది. దాచాలనీ లేదు, చూపించాలనీ లేదు.

"ఇదేంటి?"

"నా కాగితాలు. హోంవి."

అతను చెయ్యి తుడుచుకున్నాడు. "చూడొచ్చా?"

"చూడు. అంతా సబ్బుల లెక్కే."

ఆమె కూతురి యూనిఫాం గౌను ఒళ్ళో వేసుకుని అంచు మడత విప్పుతోంది. ఎదిగే పిల్లల గౌన్లకు లోపల గుడ్డ మిగిల్చి మడుస్తారు. ఏడాదికోసారి విప్పి దించుకోవచ్చు. పిల్ల పక్కగదిలో ఎక్కాలు చదువుతోంది.

"టీకా... ఎత్తు, బరువు..." అతను మొదలుపెట్టాడు. "మూడడుగుల పది అంగుళాలు. బాగుంది. తర్వాత నాలుగడుగులు. ఆ తర్వాత..." ఆగి, పకపకా నవ్వాడు. "ఏమే, ఇదేంటి? నాలుగడుగుల పిల్లవి ఆర్నెల్లు తిరిగేసరికి మూడున్నరకి దిగావు? ఉతికితే కుంచించుకుపోయావా?"

ఆమె నవ్వలేదు. కత్తెర ఆగింది.

"మళ్ళీ చదువు."

చదివాడు. ఒకే కార్డు, వరసగా గళ్ళు. పైగళ్ళలో పిల్ల పెరుగుతూ వచ్చింది. నడిమి గీత దగ్గర ఒక్కసారి అరడుగు తగ్గిపోయి, అక్కణ్ణించి మళ్ళీ మొదటినుంచీ పెరగడం మొదలుపెట్టింది. గీత పక్కన ఏ రాతా లేదు.

"చేరేటప్పుడు నా ఎత్తెంతో చూడు. మొదటి పేజీలో ఉంటుంది."

అతను వెతికాడు. "మూడున్నర. నీ పేరే ఉంది. గుర్తులు: ఏవీ లేవు."

"ఆ కార్డు మీద?"

"కార్డు మీద పేరు లేదు. ఇరవై ఆరు అని ఉంది, అంతే. గుర్తులు..." అతను కాగితం దీపానికి దగ్గరగా పెట్టాడు. "ఎడమ చెవి వెనక పెసరగింజంత పుట్టుమచ్చ."

పక్కగదిలో ఎక్కాలు ఏడో ఎక్కం దగ్గర తప్పి, మళ్ళీ మొదలయ్యాయి. ఆమె లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. అతని ముందు నిలబడి, ఎన్నేళ్ళుగానో ఎవరి ముందూ తియ్యని జుట్టు ఎడమ చెవి మీంచి తీసి పట్టుకుంది.

"ఏముందో చూడు."

"ఎక్కడ?"

"చెవి వెనక. సరిగ్గా చూడు. దీపం దగ్గరికి తెచ్చుకో."

అతను చూశాడు. వేలితో తడిమి మరీ చూశాడు. నవ్వులాట కాదని అప్పటికి అతనికీ అర్థమైంది, గొంతు తగ్గించాడు.

"ఏమీ లేదే. నున్నగా ఉంది. ఎందుకు?"

అప్పుడు చెప్పింది. వానరోజు, పూల గౌను, గొడుగు, గడ్డం కింద చెయ్యి, అన్నీ. కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. చెప్తుంటే జుట్టు పట్టుకున్న చెయ్యి దించడం మరిచిపోయింది. అతనే మెల్లిగా దించాడు. ఆమె మళ్ళీ కూచుని గౌను ఒళ్ళోకి తీసుకుంది.

"అంటే ఆవిడ..." అన్నాడు అతను.

"మా అమ్మ కాదు. ఆ మంచంలో నాకంటే ముందు పడుకున్న పిల్ల వాళ్ళమ్మ. ఆ పిల్లని ఎక్కడికో పంపేసుంటారు. నన్నా మంచం మీద వేశారు. ఫైలూ అదే, అంకే అదే. ఇరవయ్యారుని తీసుకురండి అనుంటారు. నన్ను తీసుకెళ్ళారు."

"అయితే నిన్నెవరూ వద్దనలేదన్నమాట! మంచి మాటే కదే."

"మంచి మాటే," అంది. తర్వాత అంది, "వద్దనడానికి కూడా ఎవరూ రాలేదు."

బస్సులో అయితే అతను ఎంతటి జనాన్నయినా సర్దగలడు. ఇక్కడ పక్కన కూచుని, ఆమె ఒళ్ళో గౌను జారిపోతుంటే పట్టుకున్నాడు, అంతకంటే చెయ్యలేకపోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు. తన జీవితంలో అమ్మ అనుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మొహం. వద్దన్నా సరే, ఒక మొహమంటూ ఉండేది. ఇప్పుడు ఆ వద్దనడమూ పోయింది, మొహమూ పోయింది. గౌను అంచు దించడం పూర్తిచేసింది. కుట్లు వంకర పోలేదు.

మర్నాడు దుకాణం తెరవకముందే రికార్డుల ఆఫీసు మెట్ల మీద కూచుంది. గుమాస్తా టిఫిను డబ్బాతో వచ్చి, ఆమెను చూసి కంగారుపడ్డాడు. కార్డు చూపించి సంగతి చెప్పింది. అతను కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, పైగళ్ళూ కిందిగళ్ళూ చూశాడు. మొహం వాడిపోయింది.

"నిజమేనమ్మా. అప్పట్లో హోముల్లో మంచానికో ఫైలు అట్ట. పిల్ల మారినా అట్ట మార్చేవాళ్ళు కాదు, అట్టలకి కొరత. ఇట్లాంటివి విన్నాను గానీ..." అటూ ఇటూ చూశాడు. "ఇంకొకరి కాగితాలు మీ చేతికిచ్చాను. నాలుగు రోజులు మార్కరు పెట్టి, అసలు కొట్టెయ్యాల్సినవి వదిలేశాను. ఆ పేజీలు వెనక్కి ఇచ్చెయ్యండమ్మా."

"ఇస్తాను సార్. ఏం చేస్తారు వాటిని?"

"ఆ పిల్లని ఏ హోంకి పంపారో చీటీ ఉంది. ఆ హోం ఫైళ్ళూ ఈ బిల్డింగులోనే ఉన్నాయి. అందులో కలిపేస్తాను."

"ఏ హోం సార్?"

అతను తల అడ్డంగా ఊపాడు. చీటీ మీది నల్లపట్టీ వేసింది అతనే. "చెప్పకూడదమ్మా. మీది కాదు కదా."

ఆమె కవరులోంచి పేజీలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. టీకా కాగితం పెట్టింది. చీటీ పెట్టింది. చివరిదొకటి చేతిలో ఉండిపోయింది. గుండ్రటి దస్తూరీ.

"ఇది కూడా ఆ పిల్ల ఫైల్లోనే పెడతారా?"

"వాళ్ళమ్మ వచ్చిన సంగతి కదా. పెట్టాలి."

"ఆ పిల్ల ఎప్పుడైనా నాలాగే వచ్చి అడిగితే, ఇది చదువుతుంది. నిరాకరించి వెళ్ళిపోయినది అని."

గుమాస్తా ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు.

"అబద్ధం కదా సార్. దిద్దండి."

"రాసినదాన్ని దిద్దడం కుదరదమ్మా. ఎవరి ఫైల్లో వాళ్ళు, ఇందులో ఫలానా తప్పుందని ఒక పేజీ రాసి పెట్టుకోవచ్చు. అంతవరకే రూలు. వేరేవాళ్ళ ఫైల్లో మీరు రాయడానికి లేదు."

ఆమె పోట్లాడే రకం కాదు. దుకాణంలో కూలి తక్కువ ఇచ్చినా రెండోసారి అడగదు. ఆ పొద్దున మాత్రం కాగితం వదల్లేదు. మూడు రోజులుగా మొద్దుబారి ఉన్నచోట మొట్టమొదట ఏదో మండింది. ఆ మంట తనకోసం కాదు.

"సార్, ఇక్కడేం రాసుంది? ఇరవయ్యారుని చూపించడమైనది అని. చూపించిందెవర్ని?"

"మిమ్మల్ని."

"మరి ఇది నా గురించి రాసింది కాదా?"

గుమాస్తా పేజీ తీసుకుని చదివాడు. పంకా కింద కాగితం రెపరెపలాడింది. ఎంతోసేపు చదివాడు, ఉన్నవి మూడు వాక్యాలే అయినా. తర్వాత సొరుగు లాగి, తెల్లకాగితం తీసి, బల్ల మీద పెన్ను పెట్టాడు. పెన్ను పెట్టకూడదన్న బల్ల మీదే.

"ఈ పేజీ ఇద్దరిదీ అవుతుంది," అన్నాడు మెల్లిగా. "ఇద్దరి ఫైళ్ళలోనూ ఉండాలి. దానికి మీరు రాసిన నోటు కూడా దాంతోపాటే వెళ్ళాలి. ఆ నోటు మీద మేం మార్కరు పెట్టడానికి లేదు. రాయండి."

ఆమె వంగి రాయడం మొదలుపెట్టింది. జుట్టు కళ్ళకడ్డం పడుతుంటే ఎడమ చెవి వెనక్కి దోపుకుంది. చేతిరాత అంత బాగుండదు, అందుకని నిదానంగా రాసింది.

'ఆ రోజు ముందుగదిలో మీ అమ్మకు చూపించిన పిల్లను నేను. మీ అమ్మ మిమ్మల్ని వద్దనలేదు. నన్ను చూపించి మీరని చెప్పారు. ఆవిడ చూడగానే కాదని పోల్చుకుంది. అయినా దగ్గరికొచ్చి నా ఎడమ చెవి వెనక మీ పుట్టుమచ్చ కోసం చూసింది. నాకు లేదు. పిల్లలు మారిపోతారని వాళ్ళు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు. వానలో వచ్చింది. కూచోమంటే కూచోలేదు. నేనక్కడే ఉన్నాను, నేను చూశాను.'

సంతకం చేసి ఇచ్చింది. గుమాస్తా చదివాడు. అలవాటుగా చెయ్యి మార్కరు మీదికి వెళ్ళింది, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"అంతా ఆవిడ గురించే రాశారు," అన్నాడు. "మీ ఫైల్లో కూడా ఉంటుందమ్మా ఇది. మీ గురించి ఏదైనా రాసుకోండి. చోటుంది."

ఆమె కాగితం వైపు చూసింది. అడుగున సగం పేజీ తెల్లగా ఉంది.

"రాశాను కదా సార్," అంది. "నేనక్కడే ఉన్నానని."

అతను రెండు జెరాక్సులు తీయడానికి లోపలికి వెళ్ళాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని దుకాణానికి బయల్దేరింది. మాస్టారు అప్పటికే వాకిట్లో నిలబడి ఉంటాడు.